గుడుపల్లెలో ఆగిన బండి

కుప్పంలో వ్యాపారులు పెట్టిన వేగరైలు సమావేశానికి నన్ను ముఖ్య వక్తగా పిలిచారు. శనివారం పొద్దున ఆరు గంటల బస్సుకు మదనపల్లెలో బయల్దేరాను.

మొదటి వాక్యానికే ఒక సవరణ. నన్ను ఎవరూ పిలవలేదు. "మన ప్రాంతానికి వేగరైలు ఎందుకు కావాలి? ఆదివారం ఉదయం పది గంటలకు చర్చ. అందరూ రావచ్చు" అన్న ప్రకటన ఒకటి ఫోన్లలో తిరుగుతూ నా ఫోనుకూ వచ్చింది. అందరిలో నేనూ ఒకణ్ని కదా అనుకున్నాను. టీ అంగడి దగ్గర మాత్రం ముఖ్య వక్తనని చెప్పాను. చెప్పాక వెళ్లక తప్పలేదు.

తప్పు పూర్తిగా నాది కాదు. టమోటా యార్డులో ఒక మండీ తరఫున వేలం పాడుతూ బతికినవాణ్ని. అక్కడ ఉన్నది ఉన్నట్టు చెబితే సరుకు కదలదు. ఉద్యోగం మానేశాను గానీ గొంతు మానలేదు. ఈ కథనంలో ఎక్కడైనా పెంచితే ఆ వెంటనే నేనే తగ్గిస్తాను. చదివేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి.

ఈ దారిన వెళ్లేవాళ్లు పొద్దుటి బస్సులో కుడివైపు కూర్చోండి. ఎండ మొహాన కొట్టదు. మా ఊరికి రైల్వే స్టేషను ఉంది గానీ ఊరికి దూరం. రైలెక్కాలంటే ముందు ఆటో ఎక్కాలి. పుంగనూరుకు ఆ భాగ్యం కూడా లేదు. కుప్పానికి మాత్రం రైలు ఊళ్లోకే వస్తుంది. ఇటు బెంగుళూరు, అటు చెన్నై. అందుకే ఈ మూడు ఊళ్లను ఒక్క పట్టాతో కలిపి, దాన్ని బెంగుళూరుకు తగిలిస్తే ఎంత లాభమో లెక్క చెప్పాలని నా ఆలోచన. లెక్క అప్పటికి నా దగ్గర లేదు. దారిలో దొరుకుతుందని నమ్మకం.

యార్డు దాటేదాకా బస్సు లారీల వెనక నడిచింది. నా పక్క సీట్లో రెడ్డెప్ప అనే రైతు కూర్చున్నాడు. పుంగనూరు దగ్గర పల్లె. రాత్రి సరుకు తెచ్చి, అమ్ముకుని ఇంటికి పోతున్నాడు. ధర ఎట్లా పలికిందో ఆయన మొహం చూసి అడగలేదు.

"యాడికి పెద్దాయనా?" అన్నాడు.

"కుప్పానికప్పా. వేగరైలు సంగతి తేల్చాల."

"అది మా సేనులోంచే పోతాదా?"

"నీ సేను యాడుండాదో సెప్పు, తప్పించేస్తా" అన్నాను, పటం నా జేబులో ఉన్నట్టు.

ఆయన నవ్వలేదు. "టమోటా బాక్సులు ఎక్కనిస్తారా దాంట్లో?" అన్నాడు.

"ఎక్కనీయకుండా ఎట్ల? మధ్యాహ్నానికి మద్రాసులో ఉంటాది నీ సరుకు."

"నువ్వు సూసినావా?"

చూడలేదని ఒప్పుకున్నాను. అలాంటి రైళ్లు మనుషుల కోసమే గానీ బాక్సుల కోసం కాదని పేపర్లో చదివిన మాట కూడా చెప్పేశాను. రెడ్డెప్ప తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"అది గంటకు ఎంత దూరం పోతాదని నాకు యాల? యాడ నిలుస్తాదో సెప్పు. నిలవని రైలయితే మాకు మిగిలేది కంచె ఒకటే. అవతలి మడికి పోవాలన్నా సుట్టుకోని పోవాల."

పుంగనూరులో దిగి, ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి, "మీటింగులో ఆ మాట అడుగప్పా" అన్నాడు. నేను అక్కడే ఇడ్లీ తిన్నాను. వేరుశనగ చట్నీ కారంగా, బాగుంది. నాలుగు తిన్నానని రాయబోయాను, ఆరు తిన్నాను. నేను తగ్గించి చెప్పేది తిండి దగ్గరే.

పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ బస్సు మారి కుప్పం. మారేచోట కొంచెం నిలబడాలి, నీళ్ల సీసా ఉంచుకోండి. శాంతిపురం దాటేటప్పుడు గ్రానైట్ రాళ్లు మోసే లారీలు ఎదురొచ్చాయి. ఒంటిగంటకు కుప్పంలో దిగాను. స్టేషనుకు దగ్గర్లో ఒక లాడ్జి. గది చిన్నది, శుభ్రంగా ఉంది, దుప్పటి అడిగితే ఇస్తారు. భోజనం చేసి మంచమ్మీద పడుకున్నాక దిగులు పట్టుకుంది. పొద్దున పదింటికి ఏం మాట్లాడాలి? నా దగ్గర ఉన్నది రెడ్డెప్ప మాట ఒక్కటే. అదీ నాకు ఎదురు మాట.

రైలు గురించి మాట్లాడేవాడు ముందు రైలెక్కాలి కదా అని లేచాను. మధ్యాహ్నం బండికి బెంగుళూరు దారిలో ఉన్న బంగారుపేట వరకు టికెట్టు తీసుకున్నాను. ధర రాయను, టిఫిన్ కన్నా చవక. బంగారుపేటలో టీ తాగి, సాయంత్రం బెంగుళూరులో పని ముగించుకుని కుప్పానికి తిరిగొచ్చేవాళ్ల బండి కోసం కాచుకున్నాను.

బండి నిండుగా వచ్చింది. నేను ఎక్కిన పెట్టెలో ఒక విచిత్రం చూశాను. ఆడవాళ్లందరి ఒళ్లోనూ మూత తీసిన స్టీలు డబ్బాలు, పక్కన గిన్నెలు. అందరి చేతులూ కదులుతున్నాయి. చలికాలం, అనపకాయల కాలం అది. తెల్లవారి బండెక్కేముందు వీళ్లు అనపగింజలు డబ్బాలో పోసి, నీళ్లు పోసి, పనికి తీసుకుపోతారు. సాయంత్రానికి గింజ నానుతుంది. తిరుగు బండిలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు ఊడి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఇంటికి చేరేసరికి పితికిపప్పు సిద్ధం. పొయ్యి మీద పెట్టడమే మిగులుతుంది.

"తాతకు జాగా ఇయ్యండే" అని ఒక పెద్దావిడ కాళ్లు ముడుచుకుంది. ఆమె పేరు చౌడమ్మ. వయసూ పెద్దది, నోరూ పెద్దది. పక్కన శాంతిపురం రత్నమ్మ. ముప్పై దాటి ఉంటాయి. ఇద్దరూ వైట్‌ఫీల్డ్ దగ్గర ఒకే బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తారు. రత్నమ్మది కుట్టుమిషను.

"ఈ వయసులో బంగారుపేటలో ఏం పని తాతా?" అంది చౌడమ్మ.

"సర్వే" అన్నాను.

ఆ ఒక్క మాటకు నాలుగు తలలు తిరిగాయి. నలుగురు తిరిగితే నా గొంతు ఊరుకోదు. "వేగరైలు వస్తాండాది. రేపు కుప్పంలో దాని మీద మాట్లాడేది నేనే. అంతా అయిపొయ్యింది. రెండేండ్లు. కుప్పంలో టీ గ్లాసు పట్టుకోని ఎక్కితే, అది సల్లారేలోపల వైట్‌ఫీల్డ్."

"అంత బిరీన పోతే ఇంగ పితికేదెప్పుడు?" అంది చౌడమ్మ. పెట్టె అంతా నవ్వింది.

రత్నమ్మ నవ్వలేదు. చేతులు ఆగిపోయాయి. "ఇంట్లోనే పితుక్కుంటాం అక్కా. నా బిడ్డ కూడా పక్కన కూసోని పితుకుతాది" అంది. తర్వాత నావైపు తిరిగి, "నిజంగా రెండేండ్లేనా తాతా?"

"రెండేండ్లు. గట్టిగా పట్టుకుంటే ఇంకా ముందే."

అప్పుడు చెప్పింది తన సంగతి. ఫ్యాక్టరీలో ఆమెను సూపర్‌వైజరుగా చేస్తామన్నారట. కుట్టేవాళ్లు ఎనిమిదిన్నరకు వస్తే చాలు. పొద్దున పోయే బండి సరిగ్గా ఆ వేళకు చేరుస్తుంది. సూపర్‌వైజరు మాత్రం గంట ముందే ఉండాలి. అంతకు ముందు బండి లేదు. అందుకని అక్కడే హాస్టల్లో ఉండమన్నారు. భర్త పట్టుపురుగులు మేపుతాడు, మేత వేళ తప్పితే పంట పోతుంది కాబట్టి షెడ్డు వదిలి కదలలేడు. కూతురు నాలుగో తరగతి. ఔనో కాదో ఆదివారం సాయంత్రంలోగా చెప్పాలి.

"నేను పొయ్యేటప్పుడు నిద్రలో ఉంటాది. వచ్చేటప్పటికి మళ్లా తూగుతా ఉంటాది. హాస్టల్లో ఉంటే అది కూడా లేదు" అంది రత్నమ్మ. ఒక గింజ నొక్కి పప్పును గిన్నెలో పడేసింది. "అయినా రెండేండ్లే కదా. తాత సెప్తాండాడు కదా. రెండేండ్లు కండ్లు మూసుకోని హాస్టల్లో ఉంటా. రైలొచ్చినంక ఇంటి నుంచే పోతా. ఆయనకు ఇప్పుడే సెప్పేస్తా." చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని ఫోను తీసింది.

నేను ఎన్నో వేలాలు పాడాను. ధర పెంచితే కొనేవాడు వెనక్కి తగ్గుతాడు, ఇంకొకడు ముందుకొస్తాడు, ఎవరి లెక్క వాడికి ఉంటుంది. ఈమెకు లెక్క అంటూ ఉన్నది నా నోట్లోంచి వచ్చిన ఆ రెండేళ్లే.

అంతలో బండి నెమ్మదించి గుడుపల్లెలో ఆగింది. కుప్పానికి ముందు స్టేషను అది. "పెద్ద బండి ఏదో పోవాలంట" అన్నారు ఎవరో. ఇది రోజూ జరిగేదే కాబట్టి ఎవరూ తల ఎత్తలేదు. రత్నమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకోబోయింది.

"అమ్మణ్ణీ, ఫోను దించు" అన్నాను. "రెండేండ్లనేది నా నోట్లో పుట్టిన మాట. నేను సర్వేవాణ్ని కాదు. యార్డులో వేలం పాడినోణ్ని. రేపు మీటింగుకు నన్ను పిలిచింది కూడా లేదు. రైలు వస్తాదో రాదో, వస్తే కుప్పంలో నిలుస్తాదో లేదో నాకు తెలీదు. ఎవురికీ తెలిసినట్టు లేదు."

పెట్టెలో చేతులన్నీ ఆగాయి.

"తాత కాదే ఇది, తలకాయనొప్పి" అంది చౌడమ్మ.

అప్పుడే పక్క పట్టా మీద పెద్ద బండి వచ్చింది. మా పెట్టె అదిరింది. రత్నమ్మ ఒళ్లో డబ్బాలో నీళ్లు వణికాయి. వెలుతురు కిటికీలన్నీ గీతలా సాగిపోయి, చప్పుడు పోయి, మళ్లీ కీచురాళ్ల రొద వినబడింది. మా బండి అలాగే నిలబడి ఉంది.

ఆమె ఫోను సంచిలో పెట్టేసింది. గుప్పెడు గింజలు తీసి నా అరచేతిలో పోసింది.

"పితుకు తాతా. నోటికి పనిస్తే ఇట్ల సేస్తాండావు. సేతికి ఇస్తా సూద్దాం."

నేను పితికిన మొదటి పప్పు గిన్నెలో పడలేదు, ఎదురు సీట్లో నిద్రపోతున్నాయన నుదుటికి తగిలింది. ఆయన లేచి చుట్టూ చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నవ్వకూడదని పట్టుకున్న రత్నమ్మ అప్పుడు నవ్వేసింది.

కుప్పంలో దిగేటప్పుడు, నేను పితికినవి వేరే కవర్లో కట్టి నా చేతికిచ్చింది. "రేపు ఆదివారమే కదా. నేనూ వస్తా మీ మీటింగుకు. నువ్వేం పెంచుతావో సూడాల" అని, శాంతిపురం బస్సు కోసం పరుగెత్తింది.

లాడ్జిలో పడుకుని ఆలోచిస్తే, నా లెక్క అప్పుడు దొరికింది. పట్టా అదే, బండ్లు ఎక్కువ. ఎక్కడెక్కడి నుంచో వచ్చే బండి పోవాలంటే రోజూ పనికి పోయేవాళ్ల బండి పక్కకు తప్పుకోవాలి. గూడ్సు అంతకన్నా వెనక. వేగంగా పోయేవాళ్లకు వేరే పట్టా వేస్తే, దాంట్లో అడుగు పెట్టనివాళ్లకు కూడా లాభమే. పాత పట్టా ఖాళీ అవుతుంది. రెడ్డెప్ప బాక్సులు వేగరైలు ఎక్కకపోయినా, ఆ ఖాళీలో ఒక గూడ్సుకు చోటు దొరకొచ్చు. ఇది నాకు ముందే తెలుసునని రాసుకోవచ్చు. తెలియదు. గుడుపల్లెలో ఆగాక తెలిసింది.

ఆదివారం పది గంటలకు సమావేశం కిక్కిరిసిపోయింది. అంటే ముందు రెండు వరసలు. మిగతా కుర్చీలు దాదాపు ఖాళీ. నాకన్నా ముందు మాట్లాడినాయన రైలొస్తే స్థలాల ధరలు ఎట్లా లేస్తాయో చెప్పాడు. చప్పట్లు బాగా పడ్డాయి. "ఇంకెవరైనా?" అని అధ్యక్షుడు అడిగితే నేను లేచాను.

"అయ్యా, ఈ రైలొస్తే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ మూడు బెంగుళూర్లయిపోతాయి! లక్ష ఉద్యోగాలు..." అని ఎత్తుకున్నాను. వెనక వరసలో రత్నమ్మ, పక్కన రెండు జడల కూతురు లిఖిత. రత్నమ్మ చెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కింది. కూతురు కూడా నొక్కింది.

గొంతు దించాను.

"లక్ష అనేది నాకు తెలీదు. తెలిసింది సెప్తా. నిన్న బస్సులో ఒక రైతు, యాడ నిలుస్తాదని అడిగినాడు. నిలవని రైలుకు మన భూమి ఇస్తే మనకు మిగిలేది కంచె. నిలిస్తే వేరే మాట. ఆ వెనక కూసోనుండే ఆమెకు పెద్ద పని ఇస్తామంటాండారు. బండి వేళ కుదరక హాస్టల్లో ఉండాల. ఆడుంటే ఆమె జీతం ఆడనే ఖర్చవుతాది. బియ్యం ఆడ, సబ్బు ఆడ, బిడ్డకు గౌను ఆడ. ఇంటి నుంచి పొయ్యొస్తే ఆ దుడ్డు మీ అంగళ్లకే వస్తాది. ఇట్లాంటోళ్లు ఆ బండి నిండా ఉండారు. రైలుకు పెట్టే ఖర్చు మీరు లెక్కేస్తాండారు. రైలు లేక పోతాండేది ఎవురూ లెక్కేసేది లేదు."

ముందు వరసలో బట్టల అంగడాయన వెనక్కి తిరిగాడు. "బాగుందమ్మా. కానీ అట్లాంటి రైలుకు టికెట్టు ఎక్కువుంటాది. మీరెక్కగలరా?"

రత్నమ్మ లేచి నిలబడింది. "ఎక్కలేం సార్. రోజుకు అంతంత పెట్టాలంటే మేము ఈ బండికే వస్తాం. మాకు పాసు ఇస్తే ఎక్కుతాం. లేదంటే ఈ బండినే గుడుపల్లెలో నిలపకుండా, పొద్దున ఇంకొంచెం ముందు పంపించినా సాలు." అని కూర్చుంది.

దానికి చప్పట్లు పడలేదు. కానీ అధ్యక్షుడు పైకి పంపే అర్జీలో రెండు మాటలు చేర్చాడు. వేగరైలు పొద్దున కుప్పంలో ఆగాలి, పనికి పోయేవాళ్లకు పాసు ఉండాలి. ఎవరు చదువుతారో తెలియదు. చేర్చడం మాత్రం నా కళ్లముందే జరిగింది. దీంట్లో పెంచినది ఏమీ లేదు.

మధ్యాహ్నం రెండు గంటల బస్సులో తల్లీ కూతుళ్లూ నేనూ ఒకే సీట్లో కూర్చున్నాం. లిఖిత నన్ను మోచేత్తో పొడిచి, "అమ్మ హాస్టల్‌కు పోతాదా తాతా?" అంది. నోటిదాకా ఏదో వచ్చింది. మింగేసి, "మీ అమ్మను అడుగు" అన్నాను.

రత్నమ్మ ఫోను తీసి ఫ్యాక్టరీ మేనేజరుకు చేసింది. "సార్, పని నాకు కావాల. హాస్టల్ వద్దు. నా బండి ఎనిమిదిన్నరకు చేరుస్తాది. ఆ వేళకు మొదలయ్యే లైను ఉంటే ఇయ్యండి. లేకుంటే మిషనుమీదే ఉంటా. రాని రైలును నమ్ముకోని నేను మాటియ్యలేను." అవతల ఏదో అన్నారు. "సరే సార్, రేపు సెప్పండి" అని పెట్టేసింది.

శాంతిపురంలో దిగుతూ లిఖిత కిటికీ దగ్గరికొచ్చి వేళ్లు నొక్కి చూపించింది.

పుంగనూరులో మా చెల్లెలింట్లో దిగాను. ఆ రాత్రి పితికిపప్పు కూర. "ఎవురు పితికింది అన్నా?" అంది చెల్లెలు. "అంతా నేనే" అన్నాను. ఆమె నా మొహం చూసింది. నిజానికి అంతా నేనే. కూర ఇద్దరికి చాల్లేదు.

సోమవారం చెల్లెలు కదలనివ్వలేదు. సాయంత్రం బస్సుకు మదనపల్లె బయల్దేరాను. ఏడు దాటింది. ముందు టమోటా లారీలు, వాటి వెనక మేము, నడక కన్నా కొంచెం నయం. ఇక ఉండబట్టలేక, ఆదివారం బస్సులో నంబరు తీసుకున్నాను కాబట్టి రత్నమ్మకు ఫోను చేశాను.

"ఏమన్నారమ్మా?"

"ఏడున్నరకు రాలేకపోతే లేదన్నారు తాతా. ఇంకొకామెకు ఇచ్చేసినారు. ఆమెది ఆడనే ఇల్లు." గొంతు మామూలుగానే ఉంది. "నేను మిషనుమీదే ఉండా."

లారీల ఎర్ర దీపాలు చూస్తూ, "ఇంటికి సేరినావా?" అన్నాను.

వెనక నుంచి చౌడమ్మ గొంతు, "తలకాయనొప్పేనా?" అని. ఆడవాళ్ల నవ్వులు. తర్వాత స్టీలు గిన్నెలో పప్పు పడే చిన్న చప్పుడు, ఒకటి, ఇంకొకటి.

"యాడ సేరేది తాతా" అంది రత్నమ్మ. "ఇంకా గుడుపల్లెలోనే ఉండాము. పెద్ద బండి పోవాలంట."